ఎక్స్‌ఎంఎల్‌ని పైథాన్‌తో తీరుగా ఇండెంట్ చేయడం: ఖాళీ లైన్లు ఎందుకు పుడతాయి, తెలుగు అక్షరాలు అంకెలుగా ఎందుకు మారతాయి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. సర్వర్ నుంచి వచ్చే ఎక్స్‌ఎంఎల్ (డేటాను ట్యాగుల మధ్య పెట్టి రాసే ఫార్మాట్) అంతా ఒకటే పొడుగాటి లైన్. పైథాన్‌తో పాటే వచ్చే మినీడామ్ లైబ్రరీతో ఇండెంట్ చేస్తే (లోతును బట్టి లైన్లను లోపలికి జరిపితే) మొదటిసారి చక్కగా వచ్చింది. అదే ఫైల్ మీద మళ్ళీ నడిపితే ప్రతి రెండు లైన్ల మధ్యా ఖాళీ లైన్లు చేరాయి, మూడోసారికి ఇంకా పెరిగాయి. పైథాన్‌లోనే ఉన్న ఇంకో లైబ్రరీ, ఎలిమెంట్‌ట్రీకి మారితే ఖాళీ లైన్లు పోయాయి గానీ తెలుగు అక్షరాలన్నీ అంకెలైపోయాయి, కామెంట్లు మాయమయ్యాయి. ఫైల్‌లో ఇంకేదీ మారకుండా ఇండెంటేషన్ ఒక్కటే సరిచేయడం ఎలా?

తొందరలో ఉన్నవాళ్ళ కోసం ముందే చెప్పేస్తాను. ఫైల్‌లో ఉన్నది డేటా మాత్రమే అయితే, అంటే ప్రతి ట్యాగ్‌లో లోపలి ట్యాగులో, ఉత్త టెక్స్టో ఏదో ఒకటే ఉంటే, పైథాన్ 3.9 నుంచి ఎలిమెంట్‌ట్రీలోనే ఉన్న ఇండెంట్ ఫంక్షన్ చాలు. కామెంట్లు, సీడేటా (లోపలి గుర్తులను ట్యాగులుగా చూడకుండా ఉన్నదున్నట్టు చదివే భాగం), డాక్‌టైప్ (ఫైల్ పైన దాని రకం చెప్పే లైన్), నేమ్‌స్పేస్ ప్రిఫిక్సులు (ఏ సమూహపు ట్యాగో చెప్పడానికి పేరు ముందు పెట్టే ముక్కలు) ఉన్నవి ఉన్నట్టు ఉండాలంటే ఎల్‌ఎక్స్‌ఎంఎల్ అనే విడి లైబ్రరీ వాడండి. వాక్యాల మధ్యలో ట్యాగులుండే ఫైళ్ళకు మాత్రం ఏ రెడీమేడ్ ఫంక్షన్‌నీ కళ్ళు మూసుకుని నమ్మొద్దు. డిజిటల్ సంతకం ఉన్న ఫైల్ జోలికి అసలు వెళ్ళొద్దు.

ఇకపై ఫంక్షన్ల పేర్లు పలికినట్టే రాస్తున్నాను. టైప్ చేసేటప్పుడు ఇంగ్లీషు స్పెల్లింగే వేసుకోవాలి, రెండు పదాల పేరైతే చాలా చోట్ల మధ్యలో అండర్‌స్కోర్ ఉంటుంది.

"ఇంకేదీ మారకుండా" అన్న మాట దగ్గరే అసలు చిక్కంతా ఉంది. ఎక్స్‌ఎంఎల్‌లో ఇండెంటేషన్ అని విడిగా ఏదీ లేదు. మనం చేర్చే ప్రతి స్పేసూ, ప్రతి కొత్త లైనూ ఆ డాక్యుమెంట్‌లో టెక్స్ట్ కిందే లెక్క. ఇది చూడండి:

<సంచిక><వ్యాసం సంఖ్య="1"><శీర్షిక>వాన</శీర్షిక><పుటలు>12</పుటలు></వ్యాసం></సంచిక>

ఇందులో "సంచిక"కు ఉన్నది ఒకే ఒక్క పిల్ల నోడ్ (లోపలి ముక్క), "వ్యాసం". ఆ "వ్యాసం"కు రెండు. ఇప్పుడు ఇండెంట్ చేస్తే:

<సంచిక>
  <వ్యాసం సంఖ్య="1">
    <శీర్షిక>వాన</శీర్షిక>
    <పుటలు>12</పుటలు>
  </వ్యాసం>
</సంచిక>

కంటికి అదే ఫైల్. పార్సర్ (ఫైల్‌ని చదివి ముక్కలుగా విడదీసే ప్రోగ్రాం) లెక్కలో మాత్రం "సంచిక"కు ఇప్పుడు మూడు నోడ్లు: కొత్త లైనూ రెండు స్పేసులూ కలిసిన ఒక టెక్స్ట్ ముక్క, తర్వాత "వ్యాసం", తర్వాత ఇంకో టెక్స్ట్ ముక్క. "వ్యాసం"కు రెండు కాస్తా ఐదయ్యాయి. మొదటి పిల్ల నోడ్ ఎప్పుడూ ట్యాగే ఉంటుందనుకుని రాసిన పాత ప్రోగ్రాములు ఇండెంట్ చేసిన ఫైల్ ఇవ్వగానే పడిపోయేది ఇందుకే. (ట్యాగ్ పేర్లు తెలుగులో ఉండడం ఎక్స్‌ఎంఎల్ 1.0 ప్రకారం పూర్తిగా చెల్లుతుంది. పై ఉదాహరణను ఫైల్‌లో వేసి నడిపి చూసుకోవచ్చు.)

ఇది పట్టుబడితే మినీడామ్ గొడవ వెంటనే తేలిపోతుంది. దాని టుప్రెటీఎక్స్‌ఎంఎల్ ప్రతి నోడ్‌కూ ముందు ఇండెంట్, వెనక కొత్త లైన్ వేసుకుంటూ పోతుంది. ఉత్త టెక్స్ట్ ఒక్కటే ఉన్న ట్యాగ్‌కు మాత్రం మినహాయింపు, దాన్ని ఒకే లైన్లో ఉంచుతుంది. మొదటిసారి మీ ఫైల్‌లో ఖాళీ టెక్స్ట్ ముక్కలు లేవు కాబట్టి శుభ్రంగా వచ్చింది. రెండోసారికి, మొదటిసారి తనే పెట్టిన ఖాళీ ముక్కలు ఇప్పుడు నిజమైన నోడ్లు. వాటికీ ముందు ఇండెంట్, వెనక కొత్త లైన్. మూడోసారి ఆ పెరిగినవాటికి మళ్ళీ. అందుకే వడ్డీకి వడ్డీలా పెరుగుతూ పోతాయి.

దీనికి ఎక్కువగా కనిపించే చిట్కా, వచ్చిన అవుట్‌పుట్‌లోంచి ఖాళీ లైన్లన్నీ ఏరేయడం. అది చేయకండి. సీడేటాలో ఉన్న కోడ్‌లోనో, రెండు మూడు పేరాలున్న టెక్స్ట్‌లోనో కావాలనే వదిలిన ఖాళీ లైన్లు కూడా వాటితో పాటు పోతాయి. పోయినట్టు ఎవరికీ తెలియదు కూడా. మినీడామ్‌నే వాడక తప్పదంటే, రాసే ముందే చెట్టంతా తిరిగి, పిల్లల్లో ట్యాగులున్న ప్రతి నోడ్ కింద స్పేసులూ కొత్త లైన్లూ తప్ప ఇంకేమీ లేని టెక్స్ట్ నోడ్లను తీసేయాలి. ఆ తర్వాత టుప్రెటీఎక్స్‌ఎంఎల్ పిలవాలి. దానికి ఇండెంట్‌గా రెండు స్పేసులివ్వండి, ఏమీ ఇవ్వకపోతే ట్యాబ్ వేస్తుంది. ఎన్‌కోడింగ్ (అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతి) ఇస్తే తిరిగొచ్చేది బైట్లు, ఇవ్వకపోతే స్ట్రింగ్. స్ట్రింగ్ వచ్చినప్పుడు మొదటి లైన్లోని డిక్లరేషన్‌లో ఎన్‌కోడింగ్ మాటే ఉండదు. నా మటుకు నాకైతే కొత్తగా రాసే స్క్రిప్ట్‌లో మినీడామ్ వాడడానికి కారణమేమీ కనబడదు.

ఎలిమెంట్‌ట్రీ పద్ధతి వేరు. అక్కడ టెక్స్ట్‌కు విడి నోడ్ ఉండదు. ప్రతి ఎలిమెంట్‌కూ రెండు జేబులుంటాయి: ఓపెనింగ్ ట్యాగ్ తర్వాత, మొదటి పిల్ల కంటే ముందు వచ్చే టెక్స్ట్ "టెక్స్ట్"లో ఉంటుంది, క్లోజింగ్ ట్యాగ్ దాటాక వచ్చేది "టెయిల్"లో ఉంటుంది. ఇండెంట్ ఫంక్షన్ చేసేదల్లా ఈ జేబులు ఖాళీగా ఉంటేనో, వాటిలో స్పేసులు మాత్రమే ఉంటేనో, పాతది తీసేసి లోతుకు తగ్గ స్పేసులు పెట్టడం. పాతదాన్ని తీసేసి పెడుతుంది కాబట్టి ఎన్నిసార్లు నడిపినా ఫలితం ఒకటే. పిల్లలు లేని ఎలిమెంట్ లోపలి టెక్స్ట్‌ను అసలు ముట్టుకోదు.

నడిపే వరుస ఇది. మొదట పార్సర్ తయారు చేసుకోండి: ఎక్స్‌ఎంఎల్‌పార్సర్‌కు టార్గెట్‌గా ట్రీబిల్డర్ ఇచ్చి, అందులో ఇన్‌సర్ట్ కామెంట్స్‌ను ట్రూ చేయాలి. మీ కామెంట్లు మాయమైంది ఇది లేకే. మామూలుగా ఎలిమెంట్‌ట్రీ కామెంట్లను చదివి పారేస్తుంది, ఈ సౌకర్యం 3.8లో వచ్చింది. ప్రాసెసింగ్ ఇన్‌స్ట్రక్షన్లు (ఫైల్‌ని వాడే ప్రోగ్రాములకు ఇచ్చే సూచనలు) కూడా కావాలంటే ఇన్‌సర్ట్ పీఐస్ ఉంది. తర్వాత పార్స్‌కు ఫైల్ పేరు, ఈ పార్సర్ ఇవ్వండి. ఫైల్‌ని మీరే తెరిచి స్ట్రింగ్‌గా చదివి ఇవ్వొద్దు, ఎన్‌కోడింగ్ తేల్చుకునే పని పార్సర్‌దే. ఆపైన ఇండెంట్, స్పేస్ అనే ఆర్గ్యుమెంట్‌కు రెండు స్పేసులు. చివరికి రైట్, దానికి ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అనీ, ఎక్స్‌ఎంఎల్ డిక్లరేషన్ ట్రూ అనీ తప్పకుండా చెప్పాలి.

ఆ ఆఖరి ముక్క మరిచిపోవడమే మీ తెలుగు అక్షరాలు అంకెలవడానికి కారణం. ఎన్‌కోడింగ్ చెప్పకపోతే రైట్ యూఎస్-యాస్కీ అనుకుంటుంది. యాస్కీలో తెలుగు లేదు కాబట్టి ప్రతి కోడ్‌పాయింట్‌నూ దాని నంబర్‌తో రాస్తుంది. "తెలుగు" అన్న మాట ఇలా తయారవుతుంది:

&#3108;&#3142;&#3122;&#3137;&#3095;&#3137;

3108 అంటే త, 3142 ఎత్వం, 3122 ల, 3137 ఉకారపు కొమ్ము, 3095 గ, మళ్ళీ కొమ్ము. ఇది ట్యాగ్ పేర్లలో కాక టెక్స్ట్‌లోనో, అట్రిబ్యూట్ విలువలోనో జరిగితే ఫైల్ పాడైనట్టు కాదు, ఏ పార్సర్ చదివినా తిరిగి "తెలుగు" అనే వస్తుంది. కానీ మనిషి చదవలేడు, ఫైల్‌లో వెతికితే దొరకదు. పైగా యూటీఎఫ్-8లో 18 బైట్లయ్యే మాట ఇక్కడ 42 బైట్లవుతుంది. ఇలా అయిపోయిన ఫైల్‌ని బాగు చేయడానికి వేరే తంటా అక్కర్లేదు. మళ్ళీ పార్స్ చేసి యూటీఎఫ్-8తో రాస్తే అక్షరాలు వాటంతటవే తిరిగొస్తాయి.

ఎలిమెంట్‌ట్రీతో వచ్చే మిగతా నష్టాలు తెలిసే వాడాలి. డాక్‌టైప్ పోతుంది. రూట్ ట్యాగ్‌కు ముందున్న కామెంట్లు, లైసెన్స్ మాటలు లాంటివి, ఇన్‌సర్ట్ కామెంట్స్ పెట్టినా పోతాయి. సీడేటా విప్పేసి మామూలు టెక్స్ట్‌గా, యాంపర్సాండ్ గుర్తులతో రాస్తుంది. అర్థం అదే, రూపం వేరు. 3.8 కంటే ముందు వెర్షన్లలో అట్రిబ్యూట్లను అక్షర క్రమంలోకి మార్చేస్తుంది, ఆ తర్వాత ఉన్న వరుసలోనే ఉంచుతుంది.

వీటన్నిటికంటే ఎక్కువ ఇబ్బంది పెట్టేది నేమ్‌స్పేస్. మీరు పెట్టుకున్న ప్రిఫిక్స్ స్థానంలో ఎన్‌ఎస్0, ఎన్‌ఎస్1 అని తన పేర్లు పెడుతుంది. రాసే ముందు రిజిస్టర్ నేమ్‌స్పేస్‌తో ప్రిఫిక్స్, యూఆర్‌ఐ చెప్పి ఉంచితే మీ పేర్లే వస్తాయి. డిఫాల్ట్ నేమ్‌స్పేస్ అయితే ప్రిఫిక్స్‌గా ఖాళీ స్ట్రింగ్ ఇవ్వాలి. అంతటితో అయిపోయిందనుకోవద్దు. ఏ ట్యాగ్ పేరులోనూ, అట్రిబ్యూట్ పేరులోనూ కనిపించని నేమ్‌స్పేస్ డిక్లరేషన్‌ని ఎలిమెంట్‌ట్రీ వదిలేస్తుంది. టైప్ అట్రిబ్యూట్ విలువలో "ఎక్స్‌ఎస్ కోలన్ స్ట్రింగ్" లాంటిది ఉంటే, ఆ ఎక్స్‌ఎస్ ప్రిఫిక్స్ అక్కడ వాడుకలో ఉందని దానికి తెలియదు, ఎందుకంటే దాని దృష్టిలో విలువ అంటే ఉత్త స్ట్రింగ్. డిక్లరేషన్ పోతుంది, ప్రిఫిక్స్ మిగులుతుంది. ఫైల్ మామూలుగా తెరుచుకుంటుంది, స్కీమా వ్యాలిడేషన్‌లో (ఫైల్ దాని నియమాలకు సరిపోతుందో లేదో చూసే తనిఖీలో) మాత్రం పడిపోతుంది. సోప్ (ప్రోగ్రాముల మధ్య ఎక్స్‌ఎంఎల్‌లో నడిచే) సందేశాలతో పని చేసేవాళ్ళకు ఇది బాగా తగిలే దెబ్బ.

అందుకే నేమ్‌స్పేసులు, కామెంట్లు ముఖ్యమైన ఫైళ్ళకు ఎల్‌ఎక్స్‌ఎంఎల్ మంచిది. ప్రిఫిక్సులు, డాక్‌టైప్, రూట్‌కు ముందున్న కామెంట్లు అన్నీ నిలుపుతుంది. దాంతో అందరికీ మొదట ఎదురయ్యే సమస్య ఒకటే: ప్రెటీ ప్రింట్ ట్రూ అని ఇచ్చినా ఏమీ మారదు. ఫైల్‌లో అప్పటికే ఖాళీ టెక్స్ట్ ముక్కలుంటే అది వాటిని మీరు కావాలని రాసిన టెక్స్ట్‌గా చూసి చేయి పెట్టదు. కాబట్టి చదివేటప్పుడే పార్సర్‌లో రిమూవ్ బ్లాంక్ టెక్స్ట్ ట్రూ చేయాలి. దాంతో పాటు స్ట్రిప్ సీడేటా ఫాల్స్ చేయండి, లేకపోతే సీడేటా ఇక్కడ కూడా విప్పేస్తుంది. ఫైల్‌లో సొంత ఎంటిటీలు (టెక్స్ట్‌కు బదులు వాడే పొట్టి పేర్లు) ఉంటే రిజాల్వ్ ఎంటిటీస్ ఫాల్స్ పెట్టండి. ఎంటిటీ పేరు ఉన్నచోట దాని విస్తరణ వచ్చి కూర్చోకుండా ఉంటుంది, బయటి నుంచి వచ్చిన ఫైల్ మీ డిస్క్ మీది ఫైళ్ళను లోపలికి లాక్కునే ప్రమాదమూ తప్పుతుంది.

తర్వాత టుస్ట్రింగ్‌కు ప్రెటీ ప్రింట్, ఎన్‌కోడింగ్, ఎక్స్‌ఎంఎల్ డిక్లరేషన్ మూడూ ఇచ్చి, వచ్చిన బైట్లను బైనరీ మోడ్‌లో రాయండి. ఇక్కడా ఎన్‌కోడింగ్ చెప్పకపోతే యాస్కీయే, తెలుగు మళ్ళీ అంకెలే. ఫైల్‌ని టెక్స్ట్ మోడ్‌లో చదివి స్ట్రింగ్‌గా ఇచ్చారనుకోండి, పైన ఎన్‌కోడింగ్ డిక్లరేషన్ ఉంటే వాల్యూ ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. చదివేదీ బైట్లే, రాసేదీ బైట్లే అన్న నియమం పెట్టుకుంటే ఎన్‌కోడింగ్ తలనొప్పులు చాలావరకు రావు. ఒకే టెక్స్ట్ నోడ్ కోటి బైట్లు దాటితే పార్సర్ నిరాకరిస్తుంది. బేస్64లో పెద్ద బొమ్మలు దాచిన ఫైళ్ళకు ఇలా అవుతుంది. అప్పుడు హ్యూజ్ ట్రీ ట్రూ చేయాలి, అదీ నమ్మకమైన చోటు నుంచి వచ్చిన ఫైళ్ళకే. రికవర్ అనే సౌకర్యం కూడా ఉంది, దాన్ని ఇండెంటేషన్ పనిలో ఎప్పుడూ వాడొద్దు. అర్థం కాని చోట ముక్కలు వదిలేసి, చెప్పకుండా ముందుకెళ్ళిపోతుంది.

ఇప్పుడు అసలైన గండం, వాక్యం మధ్యలో ట్యాగులుండే టెక్స్ట్.

<వాక్యం>ఈ బటన్‌ను <గట్టి>రెండు</గట్టి><వాలు>సార్లు</వాలు> నొక్కండి</వాక్యం>

ఎలిమెంట్‌ట్రీ ఇండెంట్ దీన్ని ఇలా చేస్తుంది:

<వాక్యం>ఈ బటన్‌ను <గట్టి>రెండు</గట్టి>
  <వాలు>సార్లు</వాలు> నొక్కండి</వాక్యం>

"ఈ బటన్‌ను", "నొక్కండి" ఉన్న జేబులు ఖాళీ కావు కాబట్టి వాటిని ముట్టుకోలేదు. "గట్టి" తర్వాతి టెయిల్ ఖాళీ కాబట్టి అక్కడ కొత్త లైన్ పెట్టింది. పేజీలో చూపించినప్పుడు కొత్త లైన్ ఒక స్పేస్ అవుతుంది. "రెండుసార్లు" కాస్తా "రెండు సార్లు"గా విడిపోయింది. ఇక్కడైతే పెద్ద నష్టం లేదు. ఒక మాట మధ్యలో రంగు మార్చడానికి ట్యాగ్ పెట్టినచోట మాట నిలువునా చీలుతుంది. మినీడామ్ అయితే ఇంకా ఘోరం, వాక్యంలోని ప్రతి ముక్కనూ విడి లైన్‌లో పడేస్తుంది.

ఎల్‌ఎక్స్‌ఎంఎల్ కింద పనిచేసే లిబ్‌ఎక్స్‌ఎంఎల్2 ఈ విషయంలో కాస్త నయం. ప్రెటీ ప్రింట్ చేసేటప్పుడు ఒక ఎలిమెంట్ కింద నేరుగా టెక్స్ట్ ఉంటే దాని లోపల ఇండెంట్ చేయదు, పై వాక్యం చెక్కుచెదరదు. కానీ దెబ్బ వేరే వైపు నుంచి వస్తుంది:

<వాక్యం><గట్టి>రెండు</గట్టి> <వాలు>నిమిషాలు</వాలు> ఆగండి</వాక్యం>

ఇక్కడ రెండు ట్యాగుల మధ్యా ఉన్నది ఒక్క స్పేస్. రిమూవ్ బ్లాంక్ టెక్స్ట్ పెట్టారు గదా, డీటీడీ (ఏ ట్యాగ్‌లో ఏముండాలో చెప్పే నియమాలు) లేనప్పుడు పార్సర్ ఊహ మీద నడుస్తుంది. అప్పటివరకు "వాక్యం"లో నేరుగా టెక్స్ట్ ఏదీ కనబడలేదు, ముందున్నది ట్యాగ్, తర్వాతదీ ట్యాగే. కాబట్టి ఇది అలంకారపు స్పేసే అనుకుని తీసేస్తుంది. "ఆగండి" ఇంకా రాలేదు, పార్సర్ వెనక్కి తిరిగి చూడదు. ఫలితం "రెండునిమిషాలు". అదే వాక్యం టెక్స్ట్‌తో మొదలై ఉంటే ఆ స్పేస్ బతికేది. ఒకే ఫైల్‌లో కొన్ని వాక్యాలు బాగుండి కొన్నిట్లో మాటలు అతుక్కుపోవడం చూసి జనం తల పట్టుకునేది దీని గురించే. ఎలిమెంట్ లోపల ఒక్క స్పేసే ఉండి ఇంకేమీ లేకపోతే మాత్రం దాన్ని తీయదు.

టెక్స్ట్ ఎక్కువున్న ఫైళ్ళకు నేను సిఫార్సు చేసేది పదిహేను ఇరవై లైన్ల సొంత ఫంక్షన్. ఖాళీలు తీయకుండా మామూలుగా పార్స్ చేయండి. ప్రతి ఎలిమెంట్ దగ్గర ఆగి, దాని టెక్స్ట్‌లో గానీ, దాని పిల్లల్లో ఎవరి టెయిల్‌లో గానీ స్పేస్ కానిది ఏదైనా ఉందా అని చూడండి. ఉంటే అది వాక్యం. ఆ ఎలిమెంట్‌నూ, దాని కింది కొమ్మ మొత్తాన్నీ వదిలేసి పక్కదానికి వెళ్ళండి. లేకపోతేనే టెక్స్ట్‌లో లోపలి లోతు స్పేసులు, ప్రతి పిల్ల టెయిల్‌లో అవే, ఆఖరి పిల్ల టెయిల్‌లో ఒక మెట్టు తక్కువ పెట్టండి. ఆఖరి పిల్లను మరిచిపోతే క్లోజింగ్ ట్యాగులన్నీ ఒక మెట్టు లోపలికి జరుగుతాయి, ఇలాంటి సొంత ఫంక్షన్లలో ఎక్కువగా జరిగే పొరపాటు అదే.

ఇంత చేసినా ఒకటి మిగులుతుంది. "వాక్యం"లో "గట్టి", "వాలు" రెండే ఉండి నేరుగా టెక్స్ట్ ఏమీ లేకపోతే అది వాక్యమని ఏ యంత్రమూ కనిపెట్టలేదు. దానికి వాక్యం, పేరా, శీర్షిక లాంటి ట్యాగ్ పేర్ల జాబితా ఒకటి మీరే ఇచ్చి, వాటి లోపలికి వెళ్ళొద్దని చెప్పాలి. ఎక్స్‌ఎంఎల్ స్పేస్ అనే అట్రిబ్యూట్‌కు ప్రిజర్వ్ అని విలువ ఇస్తే "ఇక్కడి ఖాళీలు ముట్టుకోవద్దు" అని అర్థం. కానీ మినీడామ్, ఎలిమెంట్‌ట్రీ ఇండెంట్ రెండూ దాన్ని పట్టించుకోవు. మీ ఫంక్షన్‌లో ఆ తనిఖీ కూడా చేర్చుకోండి.

ఆ ఫంక్షన్ రాసేటప్పుడు ఇంకో సూక్ష్మం. ఎక్స్‌ఎంఎల్ దృష్టిలో ఖాళీ అంటే నాలుగే అక్షరాలు: స్పేస్, ట్యాబ్, లైన్ ఫీడ్, క్యారేజ్ రిటర్న్. పైథాన్ స్ట్రిప్ (రెండు చివర్ల ఖాళీలు తీసే ఫంక్షన్) దృష్టిలో ఇంకా చాలా ఉన్నాయి, అందులో లైన్ విరగకుండా పెట్టే నాన్ బ్రేకింగ్ స్పేస్, అంటే &#160; ఒకటి. ఎలిమెంట్‌ట్రీ ఇండెంట్ లోపల వాడేది స్ట్రిప్పే. రెండు ట్యాగుల మధ్య మీరు కావాలని పెట్టిన &#160; ఒక్కటే ఉంటే అది ఖాళీ అనుకుని చెరిపేసి కొత్త లైన్ పెడుతుంది. మీ ఫంక్షన్‌లో స్ట్రిప్‌కు ఆ నాలుగు అక్షరాలే ఇవ్వండి. తెలుగులో పొల్లు తర్వాత వచ్చే జీరో విడ్త్ నాన్ జాయినర్ గురించి భయం లేదు, దాన్ని స్ట్రిప్ ఖాళీగా చూడదు.

ఏ పద్ధతిలోనూ నిలబడనివి మూడున్నాయి. అట్రిబ్యూట్ విలువ లోపల విరిచిన లైన్లు పార్స్ చేసేటప్పుడే స్పేసులవుతాయి, అది ఎక్స్‌ఎంఎల్ నియమమే. పొడుగు విలువను చేత్తో నాలుగు లైన్లుగా సర్దుకున్నారా, ఆ సర్దుబాటు పోయినట్టే. అట్రిబ్యూట్ల మధ్య లైన్ విరిచి ఒకదాని కింద ఒకటి పేర్చినా అంతే, ట్యాగ్ మళ్ళీ ఒకే లైన్‌కు వస్తుంది. విండోస్ తరహా లైన్ ముగింపులు కూడా చదవగానే ఒక్క లైన్ ఫీడ్‌గా మారతాయి.

రెజెక్స్‌తో (నమూనాను బట్టి టెక్స్ట్‌ను వెతికి మార్చే పద్ధతితో) మూసే గుర్తుకూ తెరిచే గుర్తుకూ మధ్య కొత్త లైన్ దూర్చే పద్ధతి చూడ్డానికి ఒక్క లైన్ పనే. పైన చెప్పిన ప్రతి నష్టమూ అందులో ఉంది, అవి చాలవన్నట్టు కామెంట్ల లోపల, సీడేటా లోపల కూడా లైన్లు విరుస్తుంది. తెర మీద ఒకసారి చూసుకుని పారేయడానికి తప్ప పనికిరాదు.

పైథాన్ లేని చోట: ఎక్స్‌ఎంఎల్‌లింట్ అనే కమాండ్‌కు ఫార్మాట్ అని చెబితే లిబ్‌ఎక్స్‌ఎంఎల్2 తరహాలోనే రెండు స్పేసులతో ఇండెంట్ చేస్తుంది. స్పేసులు మార్చాలంటే ఎక్స్‌ఎంఎల్‌లింట్ ఇండెంట్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ ఉంది. అవుట్‌పుట్‌ని రీడైరెక్ట్ గుర్తుతో అదే ఫైల్‌లోకి పంపొద్దు. కమాండ్ మొదలయ్యేలోపే షెల్ ఆ ఫైల్‌ని ఖాళీ చేసేస్తుంది, చదవడానికి ఏమీ మిగలదు. అవుట్‌పుట్ ఆప్షన్ వాడండి. పీహెచ్‌పీలో డామ్‌డాక్యుమెంట్‌కు ఫార్మాట్ అవుట్‌పుట్ ట్రూ చేయడంతో పాటు ప్రిజర్వ్ వైట్‌స్పేస్ ఫాల్స్ చేయాలి, అదీ లోడ్ చేయక ముందే. తర్వాత చేస్తే ఫలితం ఉండదు. రూబీ రెక్స్‌ఎంఎల్‌లోని ప్రెటీ ఫార్మాటర్ టెక్స్ట్‌లోని వరుస స్పేసులను ఒకటి చేసి 80 అక్షరాల దగ్గర లైన్ మడుస్తుంది, కాబట్టి డేటాకు దాన్ని వాడను.

పవర్‌షెల్‌లో గెట్-కంటెంట్‌తో చదివి ఎక్స్‌ఎంఎల్‌గా మార్చడం అందరికీ అలవాటు. విండోస్‌తో వచ్చే 5.1 వెర్షన్‌లో, బామ్ (ఎన్‌కోడింగ్ ఏదో చెప్పే మొదటి బైట్ల గుర్తు) లేని యూటీఎఫ్-8 ఫైల్‌ని అది యాన్సీగా (విండోస్ పాత ఎన్‌కోడింగ్‌గా) చదువుతుంది, తెలుగంతా పిచ్చి గుర్తులవుతుంది. ఎక్స్‌ఎంఎల్‌డాక్యుమెంట్ వస్తువు చేసుకుని దాని లోడ్‌నే పిలవండి. లోడ్‌కూ సేవ్‌కూ పూర్తి పాత్ ఇవ్వండి. ఉత్త ఫైల్ పేరిస్తే పవర్‌షెల్ ఉన్న ఫోల్డర్‌లో కాకుండా ప్రాసెస్ మొదలైన ఫోల్డర్‌లో వెతుకుతుంది. మెమరీలో పట్టనంత పెద్ద ఫైళ్ళకు డాట్‌నెట్‌లోని ఎక్స్‌ఎంఎల్‌రీడర్ నుంచి ఎక్స్‌ఎంఎల్‌రైటర్‌కు నేరుగా ప్రవహింపజేయడం బాగా పనిచేస్తుంది. రీడర్‌లో ఇగ్నోర్ వైట్‌స్పేస్, రైటర్‌లో ఇండెంట్ ట్రూ చేయాలి. వాక్యంలో టెక్స్ట్ తగలగానే ఆ ఎలిమెంట్‌లో ఇండెంట్ చేయడం అదే ఆపుకుంటుంది, అయితే రెండు ట్యాగుల మధ్య ఒంటరి స్పేస్‌ను ఇగ్నోర్ వైట్‌స్పేస్ ఇక్కడా మింగేస్తుంది.

ఫలితాన్ని ఎలా సరిచూసుకోవాలి? మొదటిది సులువు: అవుట్‌పుట్ మీద స్క్రిప్ట్‌ని మళ్ళీ నడపండి. రెండు ఫైళ్ళూ బైట్ బైట్‌కూ ఒకటే అవ్వాలి, కాకపోతే ఎక్కడో ఖాళీలు పోగవుతున్నాయి. రెండోది, ఎలిమెంట్‌ట్రీలో 3.8 నుంచి ఉన్న కెనానికలైజ్, ఫైల్‌ని ఒకే ప్రామాణిక (కెనానికల్) రూపంలోకి తెచ్చే ఫంక్షన్. ముందు ఫైల్‌నీ వెనక ఫైల్‌నీ దానికిచ్చి, స్ట్రిప్ టెక్స్ట్ ట్రూ, విత్ కామెంట్స్ ట్రూ చేసి రెండు ఫలితాలనూ పోల్చండి. కామెంట్స్ సంగతి చెప్పకపోతే అది వాటిని వదిలేసి పోలుస్తుంది, కామెంట్లు పోయినా "అంతా ఒకటే" అంటుంది. అయితే స్ట్రిప్ టెక్స్ట్ పెట్టాం కాబట్టి "రెండు సార్లు" తరహా తేడాను ఈ పరీక్ష పట్టుకోలేదు. దానికి మూడోది: మీ జాబితాలోని వాక్యం తరహా ట్యాగులన్నిటికీ ఇటర్‌టెక్స్ట్‌తో లోపలి టెక్స్ట్‌ని ఒకే స్ట్రింగ్‌గా కలిపి, ముందూ వెనకా పోల్చాలి. ఇక్కడ ఒక్క స్పేస్ తేడా కూడా ఒప్పుకోకండి.

రాసేటప్పుడు అసలు ఫైల్ మీదే రాయొద్దు. అదే ఫోల్డర్‌లో తాత్కాలిక ఫైల్‌గా రాసి, పరీక్షలు నెగ్గాక ఓఎస్ మాడ్యూల్‌లోని రీప్లేస్‌తో పేరు మార్చండి. మధ్యలో కరెంటు పోయినా సగం ఫైల్ మిగలదు. ఎలిమెంట్‌ట్రీ రైట్ ఫైల్ చివర కొత్త లైన్ పెట్టదు. గిట్‌లో చివర కొత్త లైన్ లేదన్న హెచ్చరిక కనబడకూడదంటే రూట్ ఎలిమెంట్ టెయిల్ మీద ఆధారపడకుండా, రాశాక మీరే ఒక లైన్ ఫీడ్ చేర్చండి. డిక్లరేషన్‌లో సింగిల్ కోట్లు కనిపిస్తే కంగారుపడక్కర్లేదు, ఎలిమెంట్‌ట్రీ, ఎల్‌ఎక్స్‌ఎంఎల్ రెండూ అలాగే రాస్తాయి, చెల్లుతుంది. ఖాళీ ట్యాగ్‌లో స్లాష్‌కు ముందు ఎలిమెంట్‌ట్రీ ఒక స్పేస్ పెడుతుంది, ఎల్‌ఎక్స్‌ఎంఎల్ పెట్టదు. ఒకే ప్రాజెక్ట్‌లో ఇద్దరు రెండు పనిముట్లు వాడితే ఈ ఒక్క స్పేస్ కోసమే వందల లైన్ల తేడా కనిపిస్తుంది, కాబట్టి పనిముట్టూ వెర్షనూ ముందే ఖాయం చేసుకోండి. మొదటిసారి ఫార్మాట్ చేసిన మార్పును విడి కమిట్‌గా పెట్టండి.

ఎక్స్‌ఎంఎల్ సంతకం ఉన్న ఫైళ్ళ సంగతి మొదట్లో అన్నాను. సంతకం వేసే ముందు చేసే కెనానికల్ రూపంలో ట్యాగుల మధ్య ఖాళీలు కూడా లెక్కలోకి వస్తాయి. ఒక్క కొత్త లైన్ చేరినా డైజెస్ట్ (ఆ రూపం నుంచి లెక్కకట్టే సంఖ్య) మారుతుంది, అవతలివాళ్ళు సంతకం చెల్లదంటారు. అలాంటివి చదవడానికి వీలుగా కావాలంటే కాపీ తీసి దాన్ని ఇండెంట్ చేసుకోండి, పంపేది మాత్రం ఆ ఒకటే లైన్ ఉన్న అసలు ఫైలే.